పాలిపోయిన గుండె ముక్క

నేను ఒక త్రాసుని. తెనాలిలో ఒక బంగారు కొట్టులో గాజు పెట్టెలో కూర్చుని లోకం చూశాను. అమ్మేటప్పుడు ఒకలా, కొనేటప్పుడు ఇంకోలా మొగ్గే చేతులు నాకు బాగా తెలుసు. కొట్టు మూతపడ్డాక గుంటూరులోని ఒక ఫార్మసీ కాలేజీకి చేరాను. బంగారం పోయి ఎలుకల గుండెలు వచ్చాయి. బేరం గిట్టలేదనుకున్నాను.

అక్కడ హైమవతి అనే పరిశోధకురాలు ఒక వేరు నుంచి మందు తీసింది. గుండెపోటు తర్వాత అది గుండెను కాపాడుతుందా అన్నదే ఆమె పందెం. ఎలుకకు మత్తిచ్చి, గుండె రక్తనాళాన్ని దారంతో కాసేపు బిగించి వదిలేవారు. కొన్నిటికి మందు, కొన్నిటికి ఉత్త ఉప్పునీరు. మర్నాడు గుండె తీసి, బిళ్లలుగా కోసి రంగులో ముంచితే బతికిన కండ ఎర్రబడేది, చచ్చినది పాలిపోయేది. ఆ పాలిపోయిన ముక్కను హైమ కోసి నా పళ్లెంలో పెట్టాలి. ఏ గుండెకు మందు పడిందో ఆమెకు తెలియకూడదు. మందు ఎక్కించే నఫీసాకే తెలియాలి.

కొత్త విడతలో మొదటి గుండె రంగులోంచి బయటికి రాగానే నఫీసా నోరు జారింది.

"మన బొద్దుగాడి గుండేనే ఇది! మందు పడ్డాక ఎంత చలాకీగా తిరిగాడనీ!"

"చెప్పేశావా? నీ నోటికి కుట్లు వెయ్య!"

హైమ కత్తి పట్టింది. ఎరుపుకీ తెలుపుకీ నడుమ గులాబీ అంచు ఒకటి ఉంటుంది. దాన్ని బతికిన వైపు కలుపుకున్నా అడిగే నాథుడు లేడు. ఏళ్ల కష్టం ఆ అంచు మీదే ఉంది. కత్తి మెల్లగా తెలుపులోకి జరిగింది. కొట్టులో చూసిన చెయ్యే అనుకున్నాను.

చెయ్యి ఆగింది.

"నా చెయ్యి ఇక పనికిరాదే. మాస్టారిని రమ్మను."

"గైడుగారినా? ఆయన కోస్తే అంచంతా చచ్చినదాంట్లోనే వేస్తారు!"

"వెయ్యనీ. ఉప్పునీటివీ అలాగే కోస్తారుగా."

ఆ విడతంతా, ఏది ఏదో తెలియకుండా, మాస్టారే కోశారు. నేను తూచాను. చివర్న నఫీసా గుట్టు విప్పింది. మందు పడిన గుండెల్లో చచ్చిన కండ తక్కువే. హైమ ఆశపడినంత తక్కువ కాదు. అయినా తక్కువే.

"నెగ్గావు కదే, నవ్వవేం?"

కడగడానికి తెచ్చిన ఖాళీ పంజరాలు గుమ్మం దగ్గరున్నాయి. హైమ వాటినే చూస్తోంది.

"వాటి ప్రాణం తీశాం సరే. పైన వాటిచేత అబద్ధం కూడా చెప్పించి ఉంటే?"

నఫీసా వచ్చి ఆమె పక్కన నిలబడింది.