సరే అన్నవాడి పేరు

మేనకోడలి సంచిలో బట్టలు, చార్జరు, దువ్వెన సర్దాను. ఒక్క రోజు పనే అంది. అయినా శాలువా కూడా కుక్కాను. ఒక్క రోజుకని మా ఇంట్లోంచి వెళ్లినవాళ్లు నాకు చాలామందే గుర్తున్నారు.

అది, గడ్డం అని మేం పిలుచుకునే దాని స్నేహితుడు కలిసి ఏళ్ల తరబడి ఒక ప్రోగ్రామ్ రాస్తున్నారు. ఆసుపత్రి కంప్యూటర్లలోకి ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చూసేది అదే. ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా చూడొచ్చు, ఊరికే వాడుకోవచ్చు. గడ్డాన్ని నేను తెర మీదే చూశాను. ఎక్కడో దూరాన ఉంటాడు. నన్ను "పెద్దమ్మా, కళ్లెలా ఉన్నాయి?" అని పలకరించేవాడు. వాళ్లకొక కట్టుబాటు ఉంది. ఒకరు రాసిన మార్పును రెండోవాళ్లు అక్షరం అక్షరం చదివి సరే అంటేనే అది లోపలికి వెళ్తుంది.

ఆ ప్రోగ్రామ్ వాడుకుని బలిసిన కంపెనీకి ఈ చదవడం ఆలస్యమనిపించింది. మా మనుషులకూ సరే అనే హక్కివ్వండి, మమ్మల్ని నమ్మండి అన్నారు. గడ్డం వద్దన్నాడు. మేనకోడలు నమ్మి హక్కిచ్చింది. వాళ్లలో ఒకడు మార్పు రాశాడు, పక్క కుర్చీవాడు చదవకుండానే సరే అన్నాడు. ఆ మార్పులోని లోపంతో రోగుల వివరాలన్నీ బజారున పడ్డాయి.

మేనకోడల్ని విలేకరుల ముందుకు తీసుకెళ్లడానికి కంపెనీ ఆఫీసరు కారులో వచ్చాడు. నవ్వుకు కూడా ఇస్త్రీ చేయించుకున్నట్టున్నాడు.

"పొరపాటు మీ స్నేహితుడిదని ఒక్క ముక్క చెప్పండి మేడమ్. ప్రాజెక్టుకు పెద్ద ఆయనే కదా."

"చదవకుండా సరే అన్నది మీవాడు."

"అక్కడ అతను కమ్యూనిటీ మనిషండీ, ఊరికే రాసిపెట్టే పదిమందిలో ఒకడు. కంపెనీ మనిషి కాదు."

"జీతం ఎవరిస్తారు నాయనా?" అన్నాను.

"అది వేరే విషయం పెద్దమ్మగారూ."

"వేరేనేలే. మెప్పొస్తే మీవాడు, తిట్లొస్తే ఊళ్లోవాడు."

మేనకోడలు నవ్వలేదు. "అత్తా, సంచి ఇలా ఇవ్వు," అంది. "అతని మీద నింద నా నోట రాదు," అని ఆఫీసరుతో చెప్పి మరీ కారెక్కింది.

ఆ విలేకరుల సమావేశం ఫోన్లో చూశాను. వెనక గోడ మీద 'నమ్మకమే మా ఊపిరి' అని మనిషంత అక్షరాలు. మేనకోడలు లేచి, రాసినవాడి పేరు, సరే అన్నవాడి పేరు చెప్పింది. వాళ్లిద్దరూ ముందు వరసలోనే కూర్చుని బూట్లు చూసుకుంటున్నారు. "ఆ హక్కు ఇచ్చింది నేనే" అని ఇంకేదో చెప్పబోతుంటే మైకు ఆగిపోయింది. సాంకేతిక లోపమట. ఆసుపత్రుల తలుపులు కాయలేని ఘనులు ఒక మైకును మాత్రం సరిగ్గా సమయానికి ఆపగలిగారు.

మర్నాటి పత్రికల్లో గడ్డం ఫొటో వేసి 'బయటి రచయిత నిర్లక్ష్యం' అని రాశారు. సరే అన్నవాడు ఇప్పుడు భద్రతా విభాగానికి అధిపతి. ఏ కాగితం పెట్టినా సరే అంటాడు కాబట్టి వాళ్లకు అంతకంటే తగినవాడు దొరకడు.

మేనకోడలు బస్సులో ఇంటికొచ్చేసరికి గడ్డం ప్రాజెక్టులోంచి తన పేరు తీసేసుకున్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అది ఇప్పటికీ ఒక్కతే రాస్తుంది, చదివేవాళ్లు లేక రాసింది అలాగే ఆపి ఉంచుతుంది.

గడ్డం మళ్లీ రాలేదు. అతను వెళ్లిపోయింది కిందటి మార్చిలో, ఒక శుక్రవారం.