ఒక్క తడి

ఈశాన్య రుతుపవనం ఈసారి మామూలుకంటే ఎక్కువ కురిసే అవకాశం నూటికి అరవై పాళ్లని వానకాలం ముందే రేడియోలో చెప్పారు. మిగిలిన నలభై ఏ దేశం పోతాయి? ఈశ్వరప్పకు ఆ ఆలోచనే రాలేదు. వాన తన జేబులో ఉన్నట్టే అనుకున్నాడు మహానుభావుడు.

పాపారపట్టి దగ్గరి ఉమ్మడి బావిలో తన వంతు నీళ్లన్నీ ఈ పంటకు తమ్ముడు మురళికి వదిలేసి, బదులుగా మురళి మెట్టచేను పుచ్చుకున్నాడు. రెండు చేలలోనూ రాగి చల్లాడు. మాట ఖాయమని మారెమ్మ ముందు వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పాడు. ఆ వైపు జనానికి అంతకు మించిన పత్రం లేదు. అలా ఆర్పి మాట తప్పినవాడి ఇంట దీపం పెట్టే దిక్కుండదంటారు.

వాన మొహం చాటేసింది. కంకి వేసే వేళకు రాగి ఎండిపోసాగింది. ఒక్క తడి పడితే గింజ పడుతుంది, లేకుంటే ఏడాది పొడుగునా పస్తులే. ఈశ్వరప్ప తన వ్యాను గట్టున ఆపి, పార భుజాన వేసుకుని బావి దగ్గరికి పోయాడు. మురళి మోటారు వేసి టమాటా మళ్లకు నీళ్లు కడుతున్నాడు.

“రేయ్, ఒక్క తడి విడువురా. రాగి సస్తాండాది.”

“కర్పూరం ఆర్పినావు కదన్నా. విడిస్తే సామి కుత్తం నాకూ తగలతాది.”

మురళి మాటలో ఎకసెక్కెం లేదు, దేవుడి శాపమంటే నిజంగానే భయం. అయినా ఈశ్వరప్పకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు తన చేనివైపు మళ్లేలా, కాలువకు అడ్డంగా వేసిన మట్టికట్ట, ఆ మడవ తెంచబోయాడు. మురళి అతని గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ బురదలో పడి దొర్లారు. మురళి అన్న తలను కాలువలో అదిమాడు. నోట్లోకి, ముక్కులోకి నీళ్లు పోయాయి. ఆ నీళ్ల కోసమే కదా వచ్చింది! ఈశ్వరప్ప విదిల్చుకుని లేచి, పార ఎత్తి కొట్టాడు. దెబ్బ మెడ పక్కన దిగింది. మురళి కూలబడ్డాడు. కాలువ ఎర్రబడింది.

ఈశ్వరప్ప మడవ తిప్పాడు. నీళ్లు అతని చేనిలోకి మళ్లాయి.

మురళి భార్య ఉష పరిగెత్తుకొచ్చి, కొంగు మొగుడి మెడకు అదిమిపట్టింది. “బావా! వ్యాను తీయి బావా, ధర్మపురి ఆస్పత్రికి పోదాం! నీ కాళ్లు మొక్కుతా!”

వ్యాను తాళం ఈశ్వరప్ప మొలలోనే ఉంది. తమ్ముడి కళ్లు తననే చూస్తున్నాయని అతనికి తెలుసు. కాళ్లు మాత్రం నీళ్ల వెంటే నడిచాయి.

“ఉండు ఉషా. ఈ రెండు మళ్లు తడవనీ.”

ఆ రెండు మళ్లూ తడిసేసరికి వెనక అరుపులు ఆగిపోయాయి. ఈశ్వరప్ప గబగబా వచ్చి, మొలలోంచి వ్యాను తాళం తీసి ఆమె ముందుకు చాచాడు. ఉష అందుకోలేదు.