చెయ్యి తీస్తే నీళ్ళొస్తాయి

పిచ్చుక తల్లి ఏ పనిలో ఉన్నా ఒక చెవి పిల్ల వైపే పడేసి ఉంచేది. రేవులో కట్టేసి ఉన్న పడవల్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె మొగుడి ఉద్యోగం. యజమానులు సెలవులకి వచ్చి షికారుకి తీసుకెళ్ళేదాకా వాటిని కడగాలి, తుడవాలి, తాళ్ళు సరిచూడాలి. ఉద్యోగం పేరుకి మొగుడిదే గానీ సగం పని ఆమె చేతి మీదుగానే నడిచేది. పిల్లని వదలడానికి ఇంట్లో మరో మనిషి లేదు. మూడో ఏడు నడుస్తున్న ఆ పిల్ల ఒక్క చోట కుదురుగా ఉండదు కాబట్టే పిచ్చుక అన్న పేరు స్థిరపడిపోయింది.

చుట్టూ చూస్తే నీళ్ళు. అందుకని గౌను మీంచి పిల్ల నడుముకి మెత్తటి తాడొకటి కట్టి, రెండో కొస తన చీలమండకి ముడేసుకునేది. పడవ వెనక భాగంలో కూర్చునే గుంట ఉంటుంది కదా, పిల్ల అక్కడిదాకా పోగలదు, అంచుదాకా పోలేదు. తాడు పొడవు అంత లెక్కగా చూసుకుంది. పక్క పడవకి రంగులేసే ఆయన, మేకపిల్లని కట్టినట్టు కట్టావేంటమ్మా అని నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అనుకునేది. కాలి దగ్గర తాడు కదిలితే పిల్ల ఉన్నట్టే. ఆమెకి అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

ఆ రోజు తెల్ల పడవ పని. మర్నాడు పొద్దున్నే యజమాని వస్తున్నాడు. ఆ పడవ అడుగున, నీళ్ళల్లోకి, బొటనవేలంత చక్రం ఒకటి ఉంటుంది. పడవ కదిలితే నీటి ఒరవడికి అది తిరుగుతుంది, ఎంత వేగంగా పోతున్నారో పైన ముల్లు చూపిస్తుంది. పడవ ఊరికే ఉంటే మాత్రం చక్రానికి నాచు పడుతుంది, గుల్లలు అతుక్కుంటాయి, ఇక తిరగదు. పోయినసారి పడవ పరుగెడుతుంటే ముల్లు సున్నా మీద పడుకుందని యజమాని అందరి ముందూ మొగుణ్ణి దులిపేశాడు. ఇంకోసారి ఇలా అయితే వేరేవాణ్ణి చూసుకుంటానన్నాడు. అప్పట్నుంచీ ఏ పడవైనా ఆగగానే చక్రాన్ని లోపలికి లాగేసి, ఆ రంధ్రానికి బిరడా బిగించి ఉంచుతున్నారు. ఈసారి ఈ ఒక్క పడవకీ మర్చిపోయారు.

మొగుడు రేవు అవతలి కొసన వేరే పడవ దగ్గరికి పోతూ, పని ఎలా చెయ్యాలో మళ్ళీ చెప్పాడు. చక్రం లాగిన మరుక్షణం రంధ్రం మీద అరచెయ్యి పెట్టు, రెండో చేత్తో బిరడా అందుకో. చక్రాన్ని బకెట్లో వెనిగర్ నీళ్ళల్లో నానెయ్యి. గుల్లలు పోయాక బ్రష్షుతో రుద్ది, నాచు పట్టని రంగు పలచగా పూసి ఆరబెట్టు. "మురికి చక్రాన్ని మళ్ళీ ఆ రంధ్రపు గొట్టంలో పెట్టావో, గీసుకుపోయి రెండూ పాడవుతాయి" అని మరీ మరీ చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది.

కింది గదిలో నేల పలకలెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, బిరడా పక్కన పెట్టుకుని చక్రాన్ని లాగింది. నీళ్ళు బలంగా పైకి చిమ్మాయి. టక్కున ఎడం చెయ్యి అడ్డం పెట్టింది. చక్రాన్ని బకెట్లో పడేసి, బిరడా కోసం తడిమింది.

లేదు.

మెట్ల మీంచి పిల్ల పాదాల చప్పుడు పైకి పోతోంది. ఆ నల్ల బిరడా అంటే దానికి ప్రాణం. రోజూ ఏదో ఒక పడవలో దాన్ని పట్టుకుని ఆడేది, ఈమే ఇచ్చేది.

"అమ్మలూ, బిరడా తేమ్మా. నా తల్లి కదూ" అని పిలిచింది. కోప్పడింది, బతిమాలింది, బిస్కెట్ ఇస్తానంది. పక్క పడవ మీద రంగులాయన పాత రంగు గీకే మిషన్ పెట్టాడు. ఆ రొదలో ఆమె గొంతు ఆమెకే వినబడలేదు. అరచేతి కింద సముద్రం పొడుస్తూనే ఉంది. చెయ్యి తీస్తే పడవ మునుగుతుంది, పడవ మునిగితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే ఉంటున్న గదీ పోతుంది. చెయ్యి తియ్యకపోతే పిల్ల దగ్గరికి పోలేదు. తాడు పట్టి లాగితే పిల్ల మెట్ల మీంచి దొర్లిపడుతుందేమోనని భయం. భుజం పీకింది. వేళ్ళు మొద్దుబారాయి. కాలి దగ్గర తాడు మాత్రం చిన్నగా కదులుతోంది. ఉంది, పైనే ఉంది అని మనసుకి చెప్పుకుంటూ ఆ కదలికే పట్టుకుని కూర్చుంది.

కాసేపటికి అదీ ఆగింది.

కాలు లాగి చూసింది. తాడు బరువు లేకుండా వచ్చేస్తోంది. ఇంకా లాగింది. పై మెట్టు మీంచి కింది మెట్టుకి, అక్కణ్ణించి ఇంకో మెట్టుకి పిల్ల గౌను జారుతూ వచ్చింది. ముడి ముడిలాగే ఉంది. లోపల పిల్ల లేదు.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. వెనక నీళ్ళు ఎగజిమ్మిన చప్పుడు విని కూడా తిరిగి చూడలేదు. కాలికి గౌను ఈడ్చుకుంటూ మెట్లెక్కింది.

పిచ్చుక ఆ గుంటలోనే చడ్డీ మీద ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, వాననీళ్ళు పోయే తూములోకి బిరడా కుక్కి, పైన రెండు అరచేతులూ ఆనించి గట్టిగా నొక్కుతోంది. అచ్చం తల్లిలాగే.

"తియ్యకమ్మా" అంది తలెత్తకుండా. "చెయ్యి తీస్తే నీళ్ళొస్తాయి."

బిరడా పీక్కుంటే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. దాన్ని చంకనేసుకుని ఆమె కిందికి పరుగెత్తింది. నీళ్ళు చీలమండ దాటాయి. బకెట్ వాటి మీద ఊగుతూ తేలుతోంది. పిల్లని మెట్టు మీద కూలేసి, తడిమి తడిమి బిరడా దించి బిగించింది. నీళ్ళు ఆగిపోయాయి.

మొగుడు వచ్చేసరికి చేతి పంపుతో తోడుతూనే ఉంది. దాచడానికి వీల్లేదు, నేలంతా తడి. జరిగింది మొత్తం చెప్పింది. అతను కోప్పడలేదు. గొంతుక్కూర్చుని పలకల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఇంతేనా, తెల్లారేసరికి ఆరిపోతుందన్నాడు. తర్వాత అడిగాడు.

"చక్రం ఎక్కడేశావ్?"

"బకెట్లో."

"బకెట్ ఎక్కడుంది అప్పుడు?"

ఆమె బకెట్ వైపు చూసింది. అప్పుడది మోకాలి పక్కనే ఉంది. కుడి చెయ్యి చాపితే అందేంత దగ్గర.

"మళ్ళీ దాన్నే పెట్టి రంధ్రం మూసేసి పైకి రావచ్చుగా."

"మురికిది పెట్టొద్దన్నారుగా మీరు."

"అన్నాననుకో" అన్నాడతను. పంపు తనే అందుకున్నాడు.

ఆమె బయట కూర్చుని చక్రానికున్న గుల్లలు బ్రష్షుతో రాల్చింది. ఊదితే తిరిగేదాకా రుద్దింది. పలచగా రంగు పూసి ఎండలో పెట్టింది. ఎడం అరచేతిలో రంధ్రం అంచు ఎర్రగా, గుండ్రంగా అచ్చు పడి ఉంది. పక్కన మిషన్ ఆపి రంగులాయన, ఏంటమ్మా మేకపిల్ల తప్పించుకుందా అన్నాడు. ఆమె ఆ వైపు చూడలేదు.

పిచ్చుక తడి గౌనూ తాడూ ఈడ్చుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది. రోజూ కట్టించుకునేటప్పుడు ఎలా నిలబడుతుందో అలాగే, చేతులు రెండూ పైకెత్తి.

"కట్టమ్మా."

ఆమె గౌను తొడగబోయి ఆగింది. ముందు తాడు తీసుకుని ఉత్త నడుముకే చుట్టి, వేలు పట్టేంత సందు మాత్రం వదిలి ముడేసింది. గౌను దాని మీంచి తొడిగింది. రెండో కొస తన కాలికి కట్టుకుని, లాగి చూసింది. పిల్ల ఊగింది.

ఇంకోసారి లాగి చూసింది.