బల్ల మీది ఒక్క కవరు

ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన మర్నాడు హన్నా ఉయ్యూరులో బస్సెక్కి, విజయవాడ పటమటలో ఉన్న బాలసరస్వతి గారింటికి వెళ్ళింది. బాలసరస్వతి గారు కాలేజీలో ఆమెకు వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. మార్కులు చూసి ఆవిడ కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఫస్టు క్లాసే. సంతోషం. కానీ మెడిసిన్‌కు ఇది చాలదమ్మాయ్. మీకు వచ్చే రిజర్వేషను కలుపుకున్నా అందేలా లేదు."

హన్నా తల వంచుకుంది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం సాగిన ఆ సంవత్సరం కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. పాఠాలు సగంలో ఆగాయి, పరీక్షలు మాత్రం ఆగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి చేసేదేమీ లేదు.

"ఏడవకు. ఏడిస్తే మార్కులు పెరుగుతాయంటే నేనూ నీ పక్కన కూర్చొని ఏడుస్తాను," అన్నారు బాలసరస్వతి గారు. "ఇప్పుడు విను. మూడు అప్లికేషన్లు పెట్టాలి. ఒకటి ఆశకు, ఒకటి అర్హతకు, ఒకటి ఆసరాకు. మెడిసిన్ ఆశ. మన కాలేజీలో బీయస్సీ నీ అర్హత, అది నీకు తప్పకుండా వస్తుంది. మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగు ఆసరా. మూడూ ఒక్కసారే పంపు. గడువు నెలాఖరు."

"నాన్నకెలా చెప్పనండీ?"

"ఆశపడటం తప్పని చెప్పకు. ఆశ ఒక్కదాన్నే నమ్ముకోవద్దని చెప్పు."

చెప్పడం అంత తేలిక కాదు. హన్నా తండ్రి లాజరు చక్కెర ఫ్యాక్టరీలో పనివాడు, పేటలోని చర్చికి సంఘపెద్ద. ఆ పేటలో ఎవరు ఏ అప్లికేషను పంపినా, అది పోస్టు డబ్బాలో పడేముందు చర్చిలో ప్రభు భోజనపు బల్ల మీద పడాలి. ఆదివారం ఆరాధనలో పాస్టరు ఇశ్రాయేలయ్య గారు దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు. సోమవారం అది ఊరు దాటుతుంది. కండక్టరు ఉద్యోగాలకు వెళ్ళిన కవర్లూ, టీచరు ట్రైనింగుకు వెళ్ళిన కవర్లూ అన్నీ ఆ బల్ల మీద నుంచి లేచినవే. హన్నా పదో తరగతి పాసైన నాడే లాజరు అదే బల్ల ముందు నిలబడి, తన బిడ్డ డాక్టరవుతుందని సాక్ష్యం చెప్పాడు. నాటి నుంచి పేట మొత్తానికి ఆమె డాక్టరమ్మే.

శనివారం సాయంత్రం మూడు కవర్లూ మంచం మీద పరిచి, లెక్చరరు గారు చెప్పిన మాట చెప్పినట్టే చెప్పింది హన్నా. లాజరు మెడిసిన్ కవరు తీసుకున్నాడు. మిగతా రెండిటి వంక చూశాడు, ముట్టుకోలేదు.

"రేపు బల్ల మీద ఇదొక్కటే పెడదాం."

"మూడూ పెట్టండి," అంది తల్లి మార్త, చేటలో బియ్యం చెరుగుతూ. "ఏ తలుపు తెరుచుకుంటే ఆ తలుపులో దూరుతుంది పిల్ల."

"దేవుడి ముందు మూడు పరిచి, ఇది కాకపోతే అది, అదీ కాకపోతే ఇంకోటి అని బేరమాడమంటావా?"

"కాలవలో రెండు వలలు వేసుకుంటే దేవుడు కోప్పడతాడా?"

"వల వేస్తే వెయ్యి. నేను చేసేది ప్రార్థన."

"ప్రార్థన నువ్వు చెయ్యి. చదవాల్సింది అది."

"నెలాఖరే గడువంట నాన్నా," అంది హన్నా నెమ్మదిగా.

"ముందు ఆయన జవాబు రానీ అమ్మా. తర్వాత చూద్దాం. దేవుడికి గడువులేంటి?" లాజరు కూతురి దగ్గరకు వచ్చి, తల మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అడిగాడు. "నీకు నమ్మకం లేదా హన్నా?"

ఆ చేతి బరువు ఆమెకు తెలుసు. జ్వరం వచ్చిన రాత్రులలో నుదుటి మీద ఆగిన చెయ్యి. ఫ్యాక్టరీ నుంచి వస్తూ బెల్లపు ముక్క తెచ్చిన చెయ్యి. నమ్మకం లేదంటే అది మార్కుల మాట కాదు, తండ్రి మాటనూ దేవుడి మాటనూ కలిపి కాదన్నట్టు.

"ఉంది నాన్నా," అంది.

రెండు కవర్లు ఇంట్లోనే ఆగిపోయాయి.

మర్నాడు ఇశ్రాయేలయ్య గారు బల్ల మీది ఒక్క కవరు మీద చెయ్యి ఉంచారు. ముందు వరసలోని దానమ్మవ్వ గట్టిగా ఆమెన్ అని, ఆరాధన అయ్యీ కాకముందే హన్నా కొంగు పట్టుకుంది.

"నా మోకాలికి మొదటి ఇంజక్షను నీ చేత్తోనే వెయ్యాలే. డబ్బులడిగావో, కర్రతో కొడతా."

అందరూ నవ్వారు. హన్నా కూడా నవ్వింది. నవ్వు ముగిసిన చోట ఎవరూ ఆమె ముఖం చూడలేదు.

కాలవలకు నీళ్ళు వదిలారు. నారుమళ్ళు పచ్చబడ్డాయి. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. మార్త రెండుసార్లు ఆ మాట ఎత్తింది. లాజరు రెండుసార్లూ కళ్ళు మూసుకొని ప్రార్థనలో కూర్చున్నాడు. ఎదురు చూడటమే విశ్వాసమనుకున్నాడు. ఎదురు చూస్తుండగానే కాలం దాటిపోతుందని అనుకోలేదు.

మెడికల్ కాలేజీలో ఎంపికైన వాళ్ళ పేర్లు పెట్టారని తెలిసి, తండ్రీ కూతుళ్ళు పొద్దున్నే బయలుదేరారు. లాజరు ఆ పేర్లను పైనుంచి కిందికి చదివాడు, కింది నుంచి పైకి చదివాడు. పక్కనున్నాయన్ని బతిమాలి ఆయన చేత కూడా చదివించాడు. హన్నా బోర్డు దగ్గరకు రాలేదు. గేటు దగ్గరే నిలబడింది.

ఇంటికి పోకుండా ఇద్దరూ పటమట వెళ్ళారు. బాలసరస్వతి గారు తలుపు తీసి, హన్నాను చూసి, ముందు కోప్పడ్డారు.

"నీ అప్లికేషను వచ్చిందా, వచ్చిందా అని ఆఫీసులో రోజూ అడిగాను. ఏమైపోయావు?"

"పంపలేదండీ," అన్నాడు లాజరు, గుమ్మం దిగువనే నిలబడి. "ఇప్పుడు ఇస్తాం. బీయస్సీకి సీటు ఇప్పించండి మేడం గారూ."

"కూర్చోండి లాజరు గారూ. సీట్లు నిండిపోయాయి. ఆఖరి సీటు పోయిన వారం ఇచ్చారు." ఆవిడ ఆగారు. చెప్పనా మాననా అని తటపటాయించి, చెప్పారు. "ఆ పిల్లకు మన హన్నా కంటే మార్కులు తక్కువ."

లాజరు కూర్చోలేదు. "నర్సు ట్రైనింగన్నా..."

"అదీ మూసేశారు."

"మీరు ఒక్క మాట చెబితే..."

"మీ దేవుడి సంగతి నాకు తెలియదండీ, మా ప్రిన్సిపాలు సంగతి తెలుసు. గడువు దాటితే ఆవిడ కన్నకూతురికైనా ఇవ్వదు." అలా అన్నందుకు నొచ్చుకున్నట్టు, ఆవిడ గొంతు మెత్తబడింది. "ఎందుకు పంపలేదండీ? మూడూ పంపమని చెప్పాను కదా."

"ఒక్కటే అడిగితే కాదనడు అనుకున్నానండీ," అన్నాడు లాజరు.

బాలసరస్వతి గారు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చారు. ఆ గ్లాసు చేతిలో పట్టుకొని అతను చాలాసేపు నిలబడ్డాడు. తాగలేదు. "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మాయ్," అన్నారావిడ హన్నాతో. ఈసారి ఆ మాటలో ధైర్యం తక్కువ.

తిరుగు బస్సులో లాజరు కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. కంకిపాడు దాటాక అన్నాడు:

"ఆదివారం సంఘానికి నేనే చెబుతాను. నా పొరపాటని చెబుతాను."

"చెబితే ఏమవుతుంది నాన్నా?"

లాజరు చేతిలోని బస్సు టిక్కెట్టును సన్నగా చుట్టాడు.

మర్నాటి నుంచి మార్తతో పాటు హన్నా నాట్లకు వెళ్ళింది. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఇంట్లో కూర్చుంటే వచ్చేవాళ్ళు ఓదారుస్తారని వెళ్ళింది. బురదలో ఆమె కాలు నిలవలేదు. నాటిన నారు కొంత నీళ్ళలో తేలింది. ఆడవాళ్ళు వరసగా వెనక్కి జరుగుతూ నాటుకుపోతుంటే, ఆమె వంతుకు వచ్చిన నాటు వరస, ఆ మునుం ఒక్కటే ముందు మిగిలిపోయింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. మార్త తన మునుం నాటుకుంటూనే చెయ్యి చాచి, కూతురి దానిలో కూడా రెండేసి మొదళ్ళు గుచ్చుతూ పోయింది.

ఫ్యాక్టరీకి సైకిలు మీద వెళ్తున్న లాజరు గట్టు దగ్గర దిగాడు. అంత మందిలో కూతురిని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"హన్నా! ఎండెక్కకముందే ఇంటికెళ్ళిపోమ్మా."

ఆమె నడుము ఎత్తలేదు.

"ఈ మునుం అయ్యాక వెళ్తాను నాన్నా," అంది. ఆ మునుం ఇంకా చాలా ఉంది.