పేరు దగ్గర కూనిరాగం

"మీ తాతయ్య పాటకి కత్తెర వెయ్యడానికి నువ్వెవరివే?" అన్నాడు బాలు మళ్ళీ.

"కత్తెర కాదు నాన్నా, ఎడిట్. చివర్లో ఆ హమ్మింగ్ చాలా లాంగ్ లాహ్. అంతసేపు ఎవరు వింటారు? వేలితో తోసేసి ఇంకో పాటకి పోతారు," అంది యోగిత.

"పోతే పోనీ. నానమ్మ పాడినట్టే ఉండాలి."

"అప్పుడు నేను పాడడం ఎందుకు? పాతదే పెట్టుకోండి, ఆ గరగరతో సహా."

"పొద్దుట్నించీ ఇదే గోల," అంది సుధామణి పులుసు గిన్నె బల్లమీద పెడుతూ. "ముందు మకన్ కానివ్వండి. అన్నం చల్లారిపోతోంది. ఉప్పు సరిపోయిందా అత్తా?"

"సరిపోయింది," అంది అన్నపూర్ణమ్మ.

ఆమె ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు. పెట్టినా తెలిసేది కాదు. భర్త పోయినప్పటినుంచి ఆమెకు తిండీ నిద్రా అన్నీ సమయానికే జరుగుతున్నాయి కానీ, ఏదీ తనదాకా వచ్చినట్టు ఉండటం లేదు. అందరూ ఏడ్చిన రోజు కూడా వచ్చినవాళ్ళకు కాఫీలు అందాయో లేదో చూసుకుంది. ఆయన కూర్చునే కుర్చీలో ఇప్పుడు ఉతికిన బట్టల బుట్ట ఉంటోంది. మొదట్లో సుధామణి దాన్ని తీసేసేది. ఉండనివ్వమని ఆమే చెప్పింది.

యోగిత రేపు జురాంగ్ వెస్ట్‌లో తన స్నేహితుడు ప్రేమ్ స్టూడియోలో ఈ పాట పాడబోతోంది. తాతయ్య పోయాక ఆ పిల్లకే పుట్టిన ఆలోచన అది. ఫోనులో పాత రికార్డులన్నీ వెతికి పెట్టుకుంది. అన్నం ముందు కూర్చుని ఒక్కొక్కటే వినిపించడం మొదలుపెట్టింది.

"వినండి, ఇది ఫస్ట్ది."

గరగర మధ్యలోంచి సన్నటి గొంతు వచ్చింది. 'ఓడ వచ్చే వేళాయె, ఒడ్డున నేనున్నా...' ఆ గొంతు తనదేనని అన్నపూర్ణమ్మకు తెలుసు. ఎవరో పక్క ఫ్లాటులో పాడుతున్నట్టు వింది.

అప్పట్లో సెరంగూన్ రోడ్డులో రికార్డులమ్మే ఒకాయన, దుకాణం వెనక గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి పాటలు రికార్డు చేసేవాడు. ఒక తెలుగు పాట కూడా ఉంటే మనవాళ్ళు కొంటారని ఆయన ఆశ. ఆమె భర్త పైడిరాజు హార్బరు గోదాములో పని చేస్తూ, శనివారాలు భజనలో హార్మోనియం వాయించేవాడు. కొత్తగా కాపురానికి వచ్చిన భార్య కోసం ఈ పాట కట్టాడు. భజన పాట ఏదైనా చివరి చరణంలో రాసినవాడి పేరుతో ముగుస్తుంది. అది చూసి పెరిగినవాడు కనుక ప్రేమ పాటనూ అలాగే ముగించాడు. 'పైడిరాజు పలుకు ఇది, పదిలముగా దాచుకో.'

మొగుడి పేరు ఎలా పలుకుతుంది? ఇంట్లో సాధన చేసేటప్పుడు ఆ పాదమంతా మాటల్లేకుండా కూనిరాగం తీసేది. అత్తగారున్నారని సిగ్గు కాబోలు, రికార్డింగులో పాడుతుందిలే అనుకున్నాడాయన. దుప్పట్ల గదిలోనూ ఆమె అదే చేసింది. ఒకే మైకు, మొదలుపెడితే మధ్యలో ఆపడానికి లేదు. హార్మోనియం మీదినుంచి ఆయన తలెత్తి చూశాడు, వేళ్ళు మాత్రం ఆగలేదు. పాట అయ్యాక దుకాణదారు, "ఆ చివర కూనిరాగం ఉంది చూడండి, పాటకి అదే ప్రాణం," అన్నాడు. రికార్డు మీద ఆమె పేరొక్కటే వేశాడు.

"ఇది క్యాసెట్," అంది యోగిత.

తరవాత ఇదే పాట పాడిన సూర్యకుమారి గొంతు. చక్కటి గొంతే. ఆవిడ ఆ పాత రికార్డు విని నేర్చుకుంది కనుక కూనిరాగం కూడా నేర్చుకుంది. అట్ట మీద 'సంప్రదాయ గీతం' అని వేశారు. పైడిరాజు ఆ క్యాసెట్ వేయించినవాళ్ళ దగ్గరికి వెళ్ళి అడిగాడు. "మీరు రాసిందైతే చివర మీ పేరుండాలి కదా పైడిరాజుగారూ, మీ భజన పాటలన్నిట్లో ఉంటుందిగా," అని వాళ్ళు హాస్యమాడారట. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆమెతో చెప్పాడు.

"ఉంది బాబూ, మా ఆవిడ మింగేసింది అని చెప్పొచ్చు. నవ్వుతారని ఊరుకున్నాను."

తనే నవ్వాడు. ఆ మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. బాలుకు కూడా చెప్పలేదు.

మూడోది మహీధర్ ఆర్కెస్ట్రా. పెళ్ళిళ్ళలో వాయించేవాళ్ళు. కూనిరాగం చోట శాక్సఫోను పెట్టారు. మండపంలో అందరూ చప్పట్లు కొట్టేది అక్కడే.

"చూశావా, అందరూ ఉంచారు," అన్నాడు బాలు.

"అందరూ ఉంచారని నేనూ ఉంచాలా? ఉత్త 'ఊఁ ఊఁ' నాన్నా. మాటల్లేవు. తీసేస్తే ఏం పోతుంది?" యోగిత ఫోను పక్కన పెట్టింది. "ఇంకోటి. రాసినవాళ్ళ పేరు దగ్గర ప్రేమ్ ట్రెడిషనల్ అని వేశాడు."

"మీ తాతయ్య రాశాడే."

"నాకు తెలుసు. ప్రేమ్‌కి చెప్పా. క్యాసెట్‌లో ట్రెడిషనల్ అని ఉంది కదా, మీ ఇంట్లోవాళ్ళు ఊరికే అంటున్నారేమో అన్నాడు. నేనేం చెప్పను? పాటలో ఎక్కడైనా ఉందా?"

బాలు కంచంలో అన్నం కెలికాడు. కిటికీ అవతల ఎల్ఆర్‌టీ రైలు వంపు తిరిగి పోయింది.

అన్నపూర్ణమ్మ లేచి చెయ్యి కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి విప్పింది.

ఆ కూనిరాగం తీసేస్తే ఆయన పేరుండే జాగా కూడా పోతుంది. ఆ తరవాత ఎవరైనా పెడదామన్నా పెట్టడానికి చోటుండదు. అది ఆమెకు లెక్కంత తేటగా అర్థమైంది. బాధ మాత్రం కలగలేదు. కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూసింది.

ఎక్కడైనా భర్త పేరు అడిగితే ఆమె ఆయన ఐసీ, ఆ గుర్తింపు కార్డు తీసి చూపించేది. క్లినిక్‌లో నర్సులకు అలవాటైపోయింది. "అంకుల్ పేరు కార్డులోనే ఉంటుంది, ఆంటీ చెప్పదు," అని నవ్వుకునేవారు. ఇంట్లో ఆయన 'బాలు నాన్న'. దహనం రోజు కౌంటరు దగ్గర అమ్మాయి అడిగితే బాలు వైపు చూసింది. బాలు చెప్పాడు. ఇప్పుడు చూపించడానికి ఆ కార్డు కూడా ఆమె సంచిలో లేదు.

నీళ్ళు పారుతుండగా ఆయన పేరుకి పెదాలు కదిపి చూసింది. గొంతు కలపలేదు. పెదాలు కదిలాయి. పిడుగేమీ పడలేదు.

కొళాయి కట్టి వచ్చి తన చోట కూర్చుంది.

"అదేంటత్తా, ముద్దయినా తినకుండా చెయ్యి కడిగేసుకున్నావు," అంది సుధామణి.

"తింటాను. యోగీ, రేపు స్టూడియోకి నేనూ వస్తాను."

"వినడానికా నానమ్మా?"

"చివర నేను పాడతాను. మిగతాదంతా నువ్వు పాడు."

"హమ్మింగా? నానమ్మా, ఇప్పుడే కదా చెప్పాను—"

"హమ్మింగ్ కాదు. అక్కడ మాటలున్నాయి. మీ తాతయ్య పేరుంది."

బాలు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. సుధామణి గరిటె పట్టుకుని అత్తగారి ముఖం చూసింది. యోగితకు మాత్రం వెంటనే అర్థం కాలేదు. తండ్రిని చూసి, తరవాత నానమ్మను చూసింది.

"ఇన్నాళ్ళూ ఆ హమ్మింగ్... అందుకనా?" అంది మెల్లగా.

"అందుకే."

"నువ్వెందుకమ్మా కష్టపడడం," అన్నాడు బాలు. "ఆ లైను దానికి చెప్పు, అదే పాడుతుంది."

"నా నోట్లోంచి వచ్చిందే ఇన్నాళ్ళూ అందరూ నేర్చుకున్నారు నాయనా. ఇది కూడా నా నోట్లోంచే రావాలి."

"అయితే ఒక్కసారి ఇప్పుడు పాడవా? ట్యూన్‌లో పడుతుందో లేదో చూస్తా," అంది యోగిత ఫోను అందుకుంటూ.

"పడుతుంది. ఆయనే కట్టాడు." అన్నపూర్ణమ్మ కంచం దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు కాదు. రేపు అక్కడే పాడతాను. ఆ పెరుగు ఇటివ్వు సుధా."