అంచు లేని కయాక్

నేను పడవల వడ్రంగిని. నలభై ఏళ్లుగా చెక్కతో తప్ప మరో దానితో పడవ చేయలేదు. అలాంటి నా దగ్గరికి నా కూతురు వచ్చి ప్లాస్టిక్ కయాక్ కావాలంది.

కయాక్ అంటే ఒక మనిషి తెడ్డు వేసుకుపోయే చిన్న పడవ. మా రేవులో నీళ్ల అడుక్కి దిగి ఈటెతో చేపలు కొట్టేవాళ్లంతా ఈమధ్య దాని మీదే వెళ్తున్నారు. ఇంజను చప్పుడు ఉండదు కాబట్టి చేప బెదరదు. ఈ పడవ రాళ్ల సందుల్లోకీ దూరుతుంది. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసినా మింగుడు పడలేదు.

"నేను చేసిస్తాను కదా," అన్నాను.

"నువ్వు చేసిన పడవ అంచు నీళ్లకు అంత ఎత్తున ఉంటుంది నాన్నా. కిందినుంచి మనిషిని ఎలా ఎక్కించను?"

"నిచ్చెన పెడతాను."

"స్పృహ తప్పిన మనిషి నిచ్చెన ఎక్కుతాడా?"

ఈ మాటకు వెనక కథ ఉంది.

పిల్లను ఇంట్లో బుడుంగు అంటాం. నడక రాకముందే నీళ్ల తొట్టిలో పడింది. భయపడి పైకి తీస్తే ఏడిచింది. మళ్లీ దించేదాకా ఊరుకోలేదు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. ఒక్క గుక్క ఊపిరితో పది బారల లోతుకు దిగి, చేపను కొట్టుకుని వస్తుంది. అయితే మంచి చేపంతా బయటి రాళ్ల దగ్గర ఉంటుంది. అక్కడికి ఒంటరిగా ఎవరూ వెళ్లరు. జంటగానే వెళ్తారు. ఒకరు కింద, ఒకరు పైన. దిగినవాడికి ఊపిరి చాలక స్పృహ తప్పితే, పైన ఉన్న మనిషి పట్టుకుని పడవ మీదికి లాగాలి. లాగలేకపోతే అంతే. అందుకని పై మనిషిని ఎంచుకునేటప్పుడు చూసుకున్నంతగా పెళ్లికొడుకును కూడా చూసుకోరు.

ఈటె పట్టినవాళ్లలో పెద్దవాడు మొసలి మేస్త్రీ. నీళ్లలో ఉన్నంతసేపు కళ్లూ నుదురూ తప్ప ఏమీ పైకి కనబడవు కాబట్టి ఆ పేరు. ఆయన పాత జోడీకి మోకాళ్లు అరిగిపోయి మానేశాడు. అది తెలిసి బుడుంగు ఆయన దగ్గరికి వెళ్లింది. నేను పక్కనే ఉన్నాను.

"పెదనాన్నా, మీకు పై మనిషిగా నేను వస్తాను."

ఆయన వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. "ఎంత బరువుంటావు?"

"నలభై ఎనిమిది కిలోలు."

"నేను తొంభై రెండు. నేను దుంగలా పడి ఉంటే పడవ ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను."

"అయితే నెలాఖరు ఆదివారం, రేవులో అందరి ముందూ ఎక్కించు. ఒక్కసారే చూస్తాను. నీవల్ల కాకపోతే ఈ మాట మళ్లీ ఎత్తకూడదు."

"ఎత్తను."

ఆయన నా వైపు చూశాడు. మధ్యలో మాట్లాడడానికి నన్నెవరు అడిగారు?

మర్నాడే దుకాణానికి వెళ్లాం. తొమ్మిది కయాక్‌లు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. నా కళ్లు ఎర్రదాని మీద పడ్డాయి. పొడుగ్గా, సన్నగా, కోసు ముక్కుతో, లోపల కాళ్లు చాపుకుని కూర్చునే రకం. ఎవరో చేయి తిరిగినవాడు గీసిన గీత అది. దుకాణదారు నా చూపు పసిగట్టి దాన్నే కిందికి దించాడు.

"బాణంలా పోతుందండీ," అన్నాడు.

"పోవడం సరే. నీళ్లలో పడితే మళ్లీ ఆ రంధ్రంలోకి దూరేదెలా?" అంది బుడుంగు. అతను ఎర్రదాన్ని మళ్లీ గోడకు ఆనించాడు.

అన్నిటిలోకీ వెడల్పైనదాన్ని దించమంది. బూడిద రంగు. లోపల కూర్చునేది కాదు, పైన కూర్చునేది. బోర్లించిన తొట్టిలా ఉంది. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ దానిమీద ఆనించి, పొట్ట మీద అడ్డంగా జారింది.

"అమ్మా, దాని మీద కూర్చుంటారు. పడుకోరు," అన్నాడు దుకాణదారు.

"నాన్నా, కాస్త నేల మీద బోర్లా పడుకో."

"ఇక్కడా?"

"పోయినట్టు పడుకో. సాయం చేయకు."

పడుకున్నాను. నా చంకల కింద చేతులు వేసి ఒక్కో కయాక్ మీదికి లాగడం మొదలుపెట్టింది. లోపలికి రాబోయిన ఒకాయన గుమ్మంలోనే ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. రెండింటి మీద బొడ్డు దగ్గర ఇరుక్కుని ఆగిపోయాను. బూడిద రంగుదాని మీద గోనె సంచిలా జారాను.

"ఇదే," అంది.

ఇంటికి తెచ్చాక దాన్ని సిద్ధం చేసుకోవడం చూశాను. నేను నా పనిలో ఉన్నట్టే ఉండి చూశాను. దుకాణంలో ఇచ్చిన ఎత్తు వీపు కుర్చీని మొట్టమొదట ఊడదీసి అటక మీద పడేసింది. మంచుపెట్టెను వెనక గుంటలో కట్టింది. ఈటెను ఒక పక్కగా, మొన వెనక్కి ఉండేలా పెట్టి, మొనకు బెండు గుచ్చింది. లంగరు తాడు చివర ఎర్ర బంతి కట్టింది. కింద ఉన్నవాడిని ప్రవాహం ఈడ్చుకుపోతే లంగరు ఎత్తుతూ కూర్చునే వ్యవధి ఉండదు. ముడి లాగితే తాడు బంతితో సహా నీళ్లలో ఉండిపోతుంది, పడవ కదులుతుంది. ఆ ముడి ఒక చేత్తో విప్పడం కళ్లు మూసుకుని చేసింది. అరవైసార్లు చేసింది, నేను లెక్కపెట్టాను. మధ్య భాగం మాత్రం ఖాళీగా వదిలేసింది. అక్కడ ఒక్క వెడల్పాటి నవారు పట్టీ చుట్టి పెట్టింది, అంతే.

ఆ ఖాళీ నాకు పడలేదు. అంచు లేని పడవను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చేప జారిపోదూ? కత్తి జారిపోదూ? ఆమె పనికి వెళ్లిన రోజు, మంచి చెక్క పట్టీ రెండు ముక్కలు ఆవిరికి వంచి, కయాక్ రెండు పక్కలా ముప్పై ఆరు స్క్రూలతో బిగించాను. నాలుగు వేళ్ల ఎత్తు. నునుపు తీసి, నూనె పట్టించాను. ఆ బూడిద తొట్టికి అప్పుడు పడవ కళ వచ్చింది.

సాయంత్రం బుడుంగు వచ్చి చూసింది. అంచు మీద చేత్తో ఈ చివరినుంచి ఆ చివరికి రాసింది.

"చాలా బాగుంది నాన్నా," అంది.

ఆ రోజు నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

తరవాత పది రోజులు తను ఇసుక బస్తా వేసుకుని వాగు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలవాటు చేసుకుంది. ఎలా ఉందని అడిగితే బాగానే ఉందనేది. శుక్రవారం పొద్దున మా ఆవిడ నా పనిపాక గుమ్మంలో నిలబడింది.

"మీ అంచు బాగుందా?"

"ఏం, బాగాలేదా?"

"పిల్ల పొట్ట చూశారా? డొక్కల మీద రెండు పక్కలా గీతలు గీతలుగా కమిలిపోయింది. బస్తా ఎక్కడం లేదట. మీ అంచు దగ్గర ఆగిపోతోందట."

"మరి చెప్పొచ్చు కదా."

"ఎవరితో చెబుతుంది? నాన్న నూనె పట్టించాడు అంటోంది."

నేను చేతిలో ఉలి కింద పెట్టాను. ఆదివారానికి రెండు రోజులుంది. పిల్ల మాట ఇచ్చింది, మళ్లీ ఎత్తనని. మాట తప్పే పిల్ల కాదు.

ముప్పై ఆరు స్క్రూలూ విప్పాను. బిగించడానికి ఒక పూట పట్టింది, విప్పడానికి గంట పట్టలేదు. రంధ్రాలు ఒక్కొక్కటీ రబ్బరు బిరడాతో మూసి, పైన జిగురు పట్టించి, ఎండలో పెట్టాను. గరుకు తగలకుండా చేత్తో తడిమి చూసుకున్నాను. తను వచ్చేసరికి కయాక్ దుకాణంలో ఎలా ఉండేదో అలా ఉంది.

బుడుంగు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"చెక్క పట్టీలు?"

"కోళ్ల గూటికి పనికొస్తాయి," అన్నాను.

"మనకు కోళ్లు లేవు నాన్నా."

"కొందాం."

ఆదివారం పొద్దున రేవులో యాభై మంది దాకా చేరారు. మా ఆవిడ రానంది. చూస్తూ నిలబడలేనంది. మొసలి మేస్త్రీ రబ్బరు సూటు తొడుక్కుని, నీళ్లలో మునగడానికి వాడే సీసపు బెల్టు నడుముకు కట్టుకుని, మునిగేంత లోతుకు ఈదుకుంటూ వెళ్లాడు. ఊపిరి బిగబట్టి బోర్లా తేలాడు. చేతులు వేలాడేశాడు. సాయం అన్న మాట ఆయన ఒంట్లో లేదు.

బుడుంగు తెడ్డు వేసుకుంటూ చేరింది. దూకింది. ఆయనను వెల్లకిలా తిప్పింది, ముఖానికున్న అద్దం లాగేసింది. తరవాత చేతులు నీళ్లలోకి పోయాయి. ఆయన ఒళ్లు జానెడు పైకి తేలింది.

"బెల్టు విప్పేసింది," అన్నాడు పాత జోడీ నా పక్కన.

వెడల్పాటి పట్టీ ఆయన చంకల కిందుగా వేసింది. రెండు కొసలూ పట్టుకుని, కయాక్ మీద పొట్టతో జారి, అవతలి పక్క నీళ్లలో పడింది. రెండు కాళ్లూ పడవ పక్కకు తన్నిపెట్టి వెనక్కి వాలింది. నలభై ఎనిమిది కిలోలూ పట్టీకి వేలాడాయి. కయాక్ ఆయన వైపు ఒరిగింది. ఆగింది. మళ్లీ ఆమె వైపు వంగింది. మేస్త్రీ తల పైకి వచ్చింది. ఛాతీ వచ్చింది. నడుము వచ్చింది. అడ్డు తగిలేది ఏమీ లేదు. ఆయన బూడిద ప్లాస్టిక్ మీద నిండుగా జారి, అటుపక్క తల వేలాడేశాడు.

ఆమె చుట్టూ ఈదివచ్చి కాళ్లు కూడా పైకి తోసింది. ముఖం పక్కకు తిప్పి, గడ్డం ఎత్తి పట్టింది. అప్పుడు గాని ఆయన కళ్లు తెరవలేదు.

పాత జోడీ ఒక్కడే చప్పట్లు కొట్టి, తానొక్కడే కొడుతున్నానని చూసుకుని ఆపాడు. అప్పుడు మిగతావాళ్లు మొదలుపెట్టారు.

మేస్త్రీ లేచి కూర్చుని నడుము తడుముకున్నాడు.

"నా సీసమేది?"

"కింద ఉంది పెదనాన్నా."

"ముప్పై ఏళ్ల నాటిది. నేనే పోత పోసుకున్నది."

"తెలుసు."

"తెలిసే వదిలావా?"

"అది ఉంటే మీరు నూరు కిలోలు. తొంభై రెండని కదా మాట."

ఒడ్డున ఉన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వలేదు. బుడుంగు వెనక కూర్చుని తెడ్డు వేస్తుంటే, ముందు కూర్చుని కాళ్లు వేలాడేసుకుని ఒడ్డుదాకా వచ్చాడు. దిగి, ఇసుకలో నిలబడి, కయాక్ మధ్య భాగం మీద అరచేయి పెట్టి రాశాడు. నా బిరడాలు వేలికి తగిలాయో లేదో నాకు తెలియదు. ఆమె వైపు తిరిగాడు.

"రేపు పొద్దున బయటి రాయికి వెళ్దాం. ముందు నేను దిగుతాను."

జోడీలో కొత్తగా చేరినవాడిని ముందుగా దించుతారు. పెద్దవాడు పైన ఉండి చూసుకుంటాడు. ఏడాదో రెండేళ్లో గడిచాక గాని పెద్దవాడు కొత్తవాడిని పైన పెట్టి తను దిగడు. ఇది రేవులో అందరికీ తెలుసు.

బుడుంగు తల ఊపింది.

నేను ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ వంటగదిలో అటు తిరిగి నిలబడి ఉంది.

"ఏమైంది?"

"రేపు మొసలి ముందు తనే దిగుతాడట," అన్నాను.

ఆవిడ గరిటె కింద పెట్టింది. స్టవ్ కట్టేసింది. చెంగుతో ముఖం తుడుచుకుని, పంచదార అయిపోయింది, పక్కింట్లో అడిగి తెస్తానని వెళ్లింది.

డబ్బా తీసి చూశాను. నిండా ఉంది. గంట దాటినా ఆవిడ తిరిగి రాలేదు. గోడ అవతలినుంచి మాత్రం, "ముందు మొసలే దిగుతాడట," అని ఆవిడ గొంతు వినబడుతోంది.