జనానా తలుపు

మొహియుద్దీన్ కట్టించబోయే కొత్త ఇల్లు నిప్పుకు లొంగకూడదు. పోయిన ఎండాకాలం అంటుకున్న మంటకు తాండూరులోని పాత ఇల్లు దూలాలతో సహా కూలింది మరి. అందుకని హైదరాబాదు నుంచి ఇళ్ల నక్షాలు గీసే మజహర్‌నూ, వికారాబాదు నుంచి ఇంటి చుట్టూ నేల, చెట్లు తీర్చే ఏసుదాసునూ పిలిపించాడు. ఇద్దరూ రేకుల వసారాలో నక్షా పరిచి మాట్లాడుతుంటే, మొహియుద్దీన్ భార్య గుల్జార్ బేగం పరదా వెనక కూర్చుని వింటోంది.

వినడానికి బాగానే ఉంది. కప్పుకు కట్టె వద్దు, తాండూరు బండలే. వంటింటికి మందపాటి రాతిగోడ. ఇంటి గోడల పక్కన ఎండుటాకులు రాల్చేదేదీ ఉండొద్దనీ, కలబంద, ఆకుకూర మళ్లు చాలనీ ఏసుదాసు తేల్చేశాడు. గుల్జార్ మనసులో వేసుకున్న మల్లెపందిరి అక్కడితో సరి. ఆమె ఉసూరుమంది.

"జనానా నుంచి సీదా వీధిలకు పెద్ద తలుపు పెట్టిన," అన్నాడు మజహర్. "మంట లేస్తే ఆడవాళ్లు ఒక్క ఉరుకుల బయటపడ్తరు."

ఆ ఆలోచన తనదే అయినట్టు మొహియుద్దీన్ గడ్డం నిమురుకున్నాడు.

గుల్జార్ కుడిచేతి మీది కాలిన మచ్చ తడుముకుంది. పాత ఇంటికీ వీధి తలుపు ఉండేది. ఆ రోజు అది బార్లా తెరిచే ఉంది. బయట బజారంతా బిందెలతో నిలబడింది, అందరూ మగవాళ్లే. ఆమె బురఖా మాత్రం మంటలంటుకున్న లోపలి గదిలో ఉండిపోయింది. ఆమె బయటికి పోలేదు, బురఖా కోసం వెనక్కి పోయింది. ప్రాణం మీదికొస్తుందని తెలిసినా కాళ్లు అటే నడిచాయి. తర్వాత మొగుడికి చెబితే "పిచ్చిదానివా" అని ఊరుకున్నాడు. పిచ్చో, అలవాటో, మళ్లీ మంట లేస్తే మళ్లీ అదే చేస్తానని ఆమెకు తెలుసు. ఆ సంగతి తలుచుకుంటేనే భయం వేసేది.

"సాబ్," అంది పరదా వెనక నుంచి. "ఆ తలుపుల నుంచి నేను రాను. పోయినసారి గూడ తెరిచే ఉండె. బయట మొగోళ్లు ఉండిరని బురఖాకు పోయిన. మల్ల గట్లనే పోత. ఆడోళ్లు ఉండే దిక్కు తలుపు గావాలె నాకు."

చదువుకున్నానన్న గర్వం మజహర్‌కు లేదు. తాను గీసిన వీధి తలుపు మీద తానే పెన్సిలుతో కొట్టేశాడు.

"మరి ఆడోళ్లు ఏ దిక్కున్నరమ్మా?"

"శాంతవ్వ చిన్నమ్మ పెరడు దిక్కు."

మొహియుద్దీన్ ముఖం మాడిపోయింది. పక్కిల్లు కందుల వ్యాపారి నర్సప్పది, శాంతవ్వ ఆయన భార్య. ఒకప్పుడు రెండు పెరళ్ల మధ్య కంచె కూడా లేదు. నిజాం రాజ్యం పోయిన పోలీసు యాక్షన్ ఏడాది ఎవరి భయం వాళ్లకు పట్టుకుని మధ్యలో గోడ లేచింది. ఇక పోయిన ఎండాకాలం మొదట అంటుకున్నది నర్సప్ప ఆ గోడకు పేర్చిన కందికట్టె వామే. ఎలా అంటుకుందో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"నేను ఆయన గడప తొక్క," అన్నాడు మొహియుద్దీన్.

"మీరు తొక్కకుండ్రి, మేము పోతం," అన్నాడు ఏసుదాసు. "వాము గోడకాడికెల్లి జరపకుంటే నా కలబంద ఎందుకు? ఎట్లయినా అడగాల్సిందే."

నర్సప్ప వాళ్లకు చాయ్ ఇచ్చి, వాము జరపడానికి అడగగానే ఒప్పుకున్నాడు. ఆ మంట సంగతి ఆయన మనసులోనూ ముల్లులా ఉన్నట్టుంది. రెండు పెరళ్ల మధ్య గోడలో తలుపు పెట్టడానికీ సరేనన్నాడు. ఒకే ఒక్క షరతు, గడియ మాత్రం తన వైపే ఉండాలి. మొహియుద్దీన్ మండిపడ్డాడు. గుల్జార్ మాత్రం ఆ మాత్రమైనా చాలనుకుంది.

ఇల్లు లేచింది. అందులో దిగే ముందు మజహర్ ఆ తలుపును ఒకసారి పరీక్షించి చూడాలన్నాడు. అవతలివాళ్లకు ముందుగా చెబుదామని ఏసుదాసు అంటే వద్దన్నాడు.

"నిప్పు చెప్పొస్తదా?" అని నవ్వాడు.

గుల్జార్ బురఖా లేకుండా, కట్టుబట్టలతో పెరట్లోకి పరుగెత్తి తలుపు బాదింది. "చిన్నమ్మా! మంట! తలుపు తియ్యి!"

శాంతవ్వ ఇంట్లో లేదు. అవతల నర్సప్ప చెప్పుల చప్పుడు గబగబా వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది. గడియ మీద చెయ్యి పడింది, వెంటనే లేచింది.

"శాంతా! ఓ శాంతా! ఏడున్నవే!" ఆయన గొంతు చించుకుంటున్నాడు. "బిడ్డా, మంటలకెల్లి ఉరికొచ్చినవు, పరదా లేకుండ ఉంటవు గద! నేనెట్ల తియ్యాలె? మొహియుద్దీన్‌ను పిలువు!"

గుల్జార్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. ఈ ముసలాయన చెడ్డవాడు కాడు. ఇవతల నిజంగా మంటే ఉందనుకుంటున్నాడు, అయినా గడియ తియ్యడానికి చెయ్యి రావడం లేదు. ఆ రోజు తన కాళ్లు ఎందుకు వెనక్కి తిరిగాయో, ఈ రోజు ఆయన చెయ్యి అందుకే వెనక్కి పోయింది. ఆమెకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

"మంట లేదు సేఠ్," అన్నాడు ఇంటి గోడ చాటు నుంచి మజహర్, గట్టిగా. "తలుపు పరీక్ష చేసినం. మంటే ఉంటే ఈపాటికి ఆమె కాలిపోతుండె."

 నర్సప్ప గొంతు తలుపుకు దగ్గరగా వచ్చింది.

"మీ మీద నమ్మకం లేక గడియ పెట్టిచ్చిన బిడ్డా. మర్యాద అని తియ్యకుండ నిలబడ్డ. నా మర్యాదకు నువ్వు కాలిపోతుంటివి."

లోపలికి వెళ్లిన అడుగులు మళ్లీ వచ్చాయి. సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. మేకులు ఊడి నేల మీద పడుతున్నాయి. మొహియుద్దీన్ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"గడియ పీకిన. జర ఎనుకకు జరుగు బిడ్డా, తలుపు తీస్తున్న. నేను మొఖం తిప్పుకుంటలే."

"తిప్పుకోకుండ్రి కాకా," అంది గుల్జార్. కొంగు తల మీదికి లాక్కుని, అక్కడే నిలబడింది.